బస్తా ముడి

విమానం ఒకసారి హైజాక్ కావాలంటే మల్లీశ్వరికి అరలీటరు పాలు ఖర్చవుతాయి. వినేవాళ్లు ఇరుగుపొరుగైతే అరలీటరు, నాగల్‌గిద్ద నుంచి ఆటో నిండా చుట్టాలు దిగితే లీటరు. ఈ రోజు పొద్దున్నుంచి విమానం రెండుసార్లు లేచింది, రెండుసార్లు ముసుగు మనుషుల చేతికి చిక్కింది. ఇప్పుడు వసారాలో వీరప్ప దాన్ని మళ్లీ లేపుతున్నాడు. మల్లీశ్వరి వంటింట్లో అల్లం దంచుతూ వింటోంది. వినకపోయినా తెలుస్తుంది. భర్త గొంతు ఎక్కడ తగ్గితే అక్కడ తుపాకి బయటికి వస్తుంది, ఎక్కడ దగ్గితే అక్కడ తను వస్తుంది.

"శంషాబాద్ల ఎక్కినం. కాశి రెండు గంటల తొవ్వ అన్నరు. జరసేపైందో లేదో, ముంగట సీట్లకెల్లి లేసిండ్రు. ఒక్కొక్కడు మా గంజ్ గేటంత ఉన్నడు. తలకాయలు పోయి కప్పుకు తాకుతున్నయి."

మొదటి వారంలో వాళ్లు మామూలు ఎత్తు మనుషులే. వచ్చే చుట్టాలను బట్టి పెరుగుతూ వచ్చారు. ముగ్గురు కాస్తా ఐదుగురయ్యారు, తుపాకులకు బాంబులు తోడయ్యాయి, పోయిన అమావాస్య నుంచి వాళ్లలో ఒకడికి వీరప్ప చేతి చెంపదెబ్బ కూడా తగులుతోంది. ఆ దెబ్బ తిన్నవాడెవడో మల్లీశ్వరి ఎరగదు. ఆమె చూసినంతసేపు వీరప్ప రెండు చేతులూ నెత్తి మీదే ఉన్నాయి, విమానంలో అందరి చేతులూ ఉన్నట్టే.

వసారాలో వీరప్ప దగ్గాడు.

"ఆడోళ్లు, పిల్లలు దిగుండ్రి అన్నడు గాడు. అందరు దిగిండ్రు. దిగుడేంది, ఉరికిండ్రు అనాలె. ఈమె దిగలే. లేసి నిలబడి, కొంగు తీసి నా నడుముకు ముడేసింది. నా పెనిమిటిని ఇడిసి నేను దిగ, సంపితే ఇద్దర్ని సంపుండ్రి అన్నది. గా దొంగోడు సుత కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు."

ఆ మాట అయిన వెంటనే ఎవరో ఒక ఆడమనిషి వంటింట్లోకి వస్తుంది. ఇవాళ వచ్చినామెకు పాతికేళ్లు కూడా ఉండవు. వంగి మల్లీశ్వరి కాళ్లు పట్టుకుంది. రెండు చేతులా మసిగుడ్డతో మరిగే గిన్నె పట్టుకున్న మనిషి వెనక్కి జరగలేదు, ముందుకు పోలేదు.

"నీ అసొంటి ఆడది ఈ కాలంల ఉంటదా, అవ్వా."

"చాయ్ పొంగుతుంది. జరుగు బిడ్డా," అంది మల్లీశ్వరి.

గడప మీద కూర్చున్న అత్త భీమమ్మ ఆ పిల్లతో అంది, "నేను చెప్పిచ్చిన బుద్ధి గది. మొగడు లెమ్మనందే లెవ్వద్దు అని పెండ్లైన దినమే చెప్పిన."

ముడి వేసింది మల్లీశ్వరి కాదు.

కాశీయాత్ర సంఘం వాళ్లు తమ ఊరు ఖేడ్ నుంచి ఒక గుంపును తీసుకుపోయారు. విమానం ఎక్కడం అందరికీ అదే మొదలు. శంషాబాద్‌లో ఆ అద్దాల గోడలు, ఆ జనం, సామాన్ల బండ్లు చూసి వీరప్పకు నోట తడి ఆరిపోయింది. "జాతరోలె ఉంది. తప్పిపోతవ్ నువ్," అన్నాడు. ఈ తట్టు జాతరలో తల్లులు చిన్నపిల్లల్ని కొంగుకు కట్టుకుని తిరుగుతారు. వీరప్ప పెళ్లాం కొంగు తీసి తన నడుముకున్న తోలు పటకాకు కట్టుకున్నాడు. చెకింగ్ దగ్గర పోలీసామె నవ్వి విప్పమంటే విప్పాడు, అవతలికి పోగానే మళ్లీ కట్టాడు. తప్పిపోతానని భయం ఎవరికో మల్లీశ్వరికి తెలుసు. అయినా నడిచింది, ఆయన ఆగిన చోట ఆగుతూ, ఆయన మలిగిన దిక్కు మలుగుతూ.

ఆ ముడి మామూలు ముడి కాదు. కందుల బస్తా మూతికి సుతిలి తాడుతో వేసే ముడి. పట్టి గుంజినకొద్దీ బిగుస్తుంది. వేసినవాడు మాత్రం కొస చూసుకుని వెనక్కి నెడితే చిటికెలో ఊడి వస్తుంది. వీరప్ప వయసులో ఉన్నప్పుడు ఊరి ధాన్యం మార్కెట్టు గంజ్‌లో బస్తాలు కట్టి పైకొచ్చినవాడు. సొంతంగా కందుల దుకాణం పెట్టాక కూడా ముడి మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఇంటి వెనక రేకుల కింద కందులు జల్లెడ పట్టేది మల్లీశ్వరి, చేటతో చెరిగేది మల్లీశ్వరి, రాళ్లు ఏరి, బస్తా నింపి, ఎత్తి కుదించి నిలబెట్టేది మల్లీశ్వరి. దుమ్ముకు ఆమె ముక్కులు మూసుకుపోయి, చెవుల్లో కూడా కందిపొట్టు చేరాక, మూతి కట్టే వేళకు ఆయన వస్తాడు. "జరుగు. ఆడోళ్ల చేతికి రాదు గీ ముడి," అంటాడు. ఆ ముడి పడ్డాక అది వీరప్ప మాలు. గంజ్‌లో హమాలీలు ముడి చూసే చెబుతారు, ఇది వీరప్ప బస్తా అని. బస్తా నింపినవాళ్ల గుర్తు బస్తా మీద ఎక్కడా ఉండదు.

విమానం ఎక్కడో తెలియని చోట దిగింది. కిటికీలు మూయించారు. చల్లగాలి ఆగిపోయి లోపల ఉడికిపోయింది. బాత్రూంకు పోవాలంటే చెయ్యెత్తాలి, ముసుగువాడు తలూపితే లేవాలి, ఊపకపోతే బిగబట్టుకోవాలి. చదువుకున్న పెద్దమనుషులు కొందరు దానికే ఏడ్చారు, ఇంత బతుకు బతికి ఇట్లా అడుక్కోవాలా అని. ప్రాణభయం మల్లీశ్వరికీ ఉంది. కానీ ఆ చెయ్యెత్తడంలో ఆమెకు కొత్తేమీ కనిపించలేదు. తల్లిగారింటికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా, ఒంట్లో బాగాలేదని ఒక పూట పడుకోవాలన్నా, ఎవరి మొహమో చూసి, ఆ మొహం ఊగాకే లేవడం ఆమెకు పెళ్లైనప్పటి నుంచీ అలవాటు. ఒకటే తేడా. ఇక్కడ తుపాకి కనిపిస్తోంది.

పొద్దు వాలే వేళకు ముసుగువాడు తలుపు దగ్గర నిలబడి అరిచాడు, "ఔరతే, బచ్చే, సబ్ ఉతరో. జల్దీ." ఖేడ్ బజారులో పెరిగినవాళ్లకు ఆ మాట ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వెనక సీటులోని సుమిత్ర లేచింది. వాళ్ల గల్లీలోని చంద్రప్ప భార్య, ఈమెను అక్కా అని పిలిచే పిల్ల. చంద్రప్ప తనే ఆమె భుజం పట్టి ముందుకు తోశాడు. "పో, పో, ఆలోచన చెయ్యకు, పో," అన్నాడు. సుమిత్ర పోతూ పోతూ మల్లీశ్వరి చెయ్యి పట్టుకుంది. "అక్కా, లే."

మల్లీశ్వరి లేచింది. కొంగు పట్టి లాగింది.

"ముడి ఇప్పు," అంది భర్తతో.

వీరప్ప విప్పలేదు. ఆయన పెదవులు తెల్లబడి ఉన్నాయి. "కూసో," అన్నాడు. "నువ్ పోతే నా గతేంది? ఆడమనిషి పక్కకుంటే నన్ను కాల్వరు. కూసో మల్లీ."

ఆమె గుంజింది. గుంజినకొద్దీ బిగిసింది. గోళ్లతో పీకింది, ఒక గోరు ఊడింది. సుమిత్ర చెయ్యి జారిపోయింది, వెనక ఆడవాళ్లు తోసుకుంటూ ఆ పిల్లను మెట్ల దాకా తీసుకుపోయారు. తలుపు దగ్గర సుమిత్ర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అప్పటికి మల్లీశ్వరి నిలబడే ఉంది. ఇప్పటికీ అన్నం వండుతున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు ఆమెకు అదే ఆలోచన వస్తుంది. చీర విప్పి పారేసి లంగా జాకెట్టుతో దిగి ఉంటే? దిగితే ప్రాణం దక్కేది. ఖేడ్ ఏమనేది? ప్రాణం మీదికి వచ్చిన ఆ ఘడియలో కూడా ఆమె వేళ్లు ముడి మీదే పెనుగులాడాయి గాని కుచ్చిళ్ల దాకా పోలేదు. తనను కట్టిన ముడి వీరప్ప నడుము దగ్గర ఒకటే లేదనీ, ఇంకెన్నో చోట్ల ఉందనీ ఆమెకు ఆ విమానంలో నిలబడే అర్థమైంది.

తలుపు మూశారు. విమానం అమ్మాయిలను కూడా దింపేశారు. అంతమంది మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే మిగిలింది. ముసుగువాడు అటూ ఇటూ చూసి ఆమెకు వేలు చూపించాడు. లేచి అందరికీ నీళ్లు ఇమ్మన్నాడు. అప్పుడు వీరప్ప నెత్తి మీది నుంచి ఒక చెయ్యి దించి, కిందికి చూడకుండానే, బొటనవేలితో కొసను వెనక్కి నెట్టాడు. ముడి ఊడింది.

అంత తేలిగ్గా ఊడింది.

ఆమె నీళ్లు ఇచ్చింది. ముసలాయన కక్కుకుంటే తుడిచింది. "అమ్మా, బాత్రూంల జర నీళ్లు పొయ్యరాదు, వాసనొస్తుంది," అన్నాడొకాయన, పక్కన ఇంతమంది మగవాళ్లు ఊరికే కూర్చుని ఉండగా. ముసుగువాడు చాయ్ కాయడం వచ్చా అని అడిగాడు. వెనక అలమారంత వంటగదిలో కాచింది. తుపాకులు పట్టుకున్నవాళ్లకు ముందు, చేతులెత్తినవాళ్లకు తర్వాత, మిగిలితే తనకు. మిగల్లేదు.

మరునాడు ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో, ముసుగువాళ్లు తుపాకులు కింద పెట్టి దిగిపోయారు. ఖేడ్ బస్ డిపో దగ్గర పూలదండలతో జనం, టీవీ మైకులు. మీ భార్య ఎందుకు దిగలేదు అని ఎవరో వీరప్పను అడిగారు. ఆయన ఒక్క క్షణం తడబడి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఇంకా విమానంలోని భయమే ఉంది. మల్లీశ్వరి తల దించుకుంది. భయపడని మనిషి ఎవరు, ఇంతమందిలో పాపం పరువు తీయడం ఎందుకు అనుకుంది. ఆ జాలి మీదే వీరప్ప కథ పునాది వేసుకున్నాడు.

ఒక్క తనదే అయితే ఆ కథను కూడా భరించేది, ఇంటి పనిలో ఇంకో పని అనుకుని. కానీ ఆ కథ గల్లీ మలుపు తిరిగి చంద్రప్ప ఇంట్లో దూరింది. సుమిత్ర అత్త శివమ్మ నల్లా దగ్గర బిందె పెట్టి అందరికీ వినపడేలా అనేది, "మల్లీశ్వరిని చూసి నేర్సుకో. నీ మొగణ్ని తుపాకి ముంగట కూసోబెట్టి నువ్ దిగి బిస్కెట్లు తిన్నవ్. ఆమె కాళ్లు కడిగి నెత్తిన సల్లుకో, పాపం పోతది." పొమ్మని భుజం పట్టి తోసిన చంద్రప్ప నోరు విప్పలేదు. గంజ్‌లో తోటివాళ్లు "ఏంరా, నీ పెండ్లాం నిన్నిడిసి ఉరికిందంట" అని నవ్వుతుంటే, నేనే పొమ్మన్నానని చెప్పడానికి నామోషీ అనిపించిందేమో, ఆమె చేతి అన్నం తినడం మానేశాడు. చివరికి ఆమెను మనూర్‌లో తల్లిగారింటికి పంపేశారు.

పోయే రోజు సుమిత్ర సంచితో మల్లీశ్వరి గుమ్మం ముందు ఆగింది. లోపలికి రాలేదు.

"నేను ఎనకకు మళ్లి చూసిన అక్కా. నువ్ లేసే ఉన్నవ్."

"ఔ," అంది మల్లీశ్వరి.

సుమిత్ర ఇంకో మాట కోసం చూసింది. వసారాలో వీరప్ప ఎవరికో విమానం లేపుతున్నాడు. భీమమ్మ మెడ సాచి ఇటే చూస్తోంది.

"చాయ్ తాగి పో," అంది మల్లీశ్వరి.

"వద్దక్క. ఆటో ఎల్లిపోతది."

ఆ మధ్యాహ్నం రేకుల కింద బస్తా నింపి నిలబెట్టాక వీరప్ప సుతిలితో వచ్చాడు. మల్లీశ్వరి జరగలేదు.

"సుమిత్ర ఎందుకు పోయిందో ఎరుకేనా?"

"చంద్రప్ప ఇంటి లొల్లి మనకెందుకే."

"మన విమానం లొల్లే గది. శివమ్మత్తకు ఒక్క మాట చెప్పు. ముడి నేనే ఏసిన అని చెప్పు, గంతే."

వీరప్ప మూతి దగ్గర సుతిలి తిప్పుతూ నవ్వాడు. "నేనేసిన్నా? నువ్వేసినవ్ మల్లీ. భయంల నీకు మతి తప్పింది. నడుముకు ముడేసి నన్ను పట్టుకొని ఏడ్సినవ్. నాకు మంచిగ యాదుంది."

ఆమె ఆయన మొహం చూసింది. అబద్ధం ఆడేటప్పటి మొహం ఆమెకు తెలుసు, ఎడమ కన్ను కొంచెం చిన్నదవుతుంది. ఇప్పుడు అవలేదు. ఇన్నిసార్లు చెప్పి చెప్పి ఆయన తన కథలోకి తనే కాపురం మార్చేశాడు. విమానంలో తుపాకి చూసినప్పటి కంటే ఎక్కువ భయం వేసింది ఆమెకు. తుపాకి వాళ్లు తలుపే మూశారు. ఈయన ఆ రోజునే మూసేస్తున్నాడు, లోపల తనను పెట్టి. ఇంకో ఏడాది పోతే తను లేచి నిలబడ్డ సంగతి సుమిత్రకు తప్ప ఎవరికీ గుర్తుండదు, ఆ తర్వాత సుమిత్ర కూడా తనే తప్పు చూశానేమో అనుకుంటుంది. అప్పుడు తను? అసలు ఏమో, నిజంగానే వేశానేమో. మనిషి భయంలో ఏం చేస్తుందో మనిషికి తెలుస్తుందా? ఇంతమంది కాళ్లకు దండం పెడుతున్నారు, అంతమందీ అబద్ధానికి పెడతారా? ఊడిన గోరు చూసుకుంది. అది మళ్లీ మొలిచింది, పాతదానికంటే నున్నగా, ఏమీ జరగనట్టు.

ఆయన పోయాక ఇంకో బస్తా దగ్గర కూర్చుని సుతిలి తీసుకుంది. ఎన్ని వందలసార్లు చూసిందో ఆ ముడి వేయడం. కుడి నుంచి తిప్పింది, జారిపోయింది. ఎడమ నుంచి తిప్పింది, పీటముడి పడింది. కొస లోపలికి దోపి లాగింది, మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. కళ్లకు తెలిసిన దారి వేళ్లకు తెలియదు. పొద్దు వాలేదాకా కూర్చుని ఎన్ని తీర్లుగా తిప్పినా ఆ ముడి పడలేదు. మల్లీశ్వరికి నవ్వొచ్చింది, చాలా రోజులకు. చేతకాని పని ఇంత ధైర్యం ఇస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. రానిదాన్ని తను వేసి ఉండదు. అంతే.

ఆదివారం ఫంక్షన్ హాల్లో కాశీయాత్ర సంఘం వాళ్లు ఆదర్శ దంపతులకు సన్మానం పెట్టారు. స్టేజీ మీద రెండు పెద్ద కుర్చీలు. కింద ముందు వరుసలో శివమ్మ, పక్కన తల వంచుకుని చంద్రప్ప. భోజనాల ఖర్చు వీరప్పది కాబట్టి వెనక వరుసల నిండా గంజ్ హమాలీలు. సంఘం అధ్యక్షుడు శివశంకర్ శాలువాలు కప్పాడు. వీరప్ప మైకు అందుకుని విమానం లేపాడు. ముసుగువాళ్లు ఇవాళ ఏడుగురు. చెంపదెబ్బలు రెండు. తర్వాత దగ్గాడు, చప్పట్లు మోగాయి.

"ఫోటో కోసం గా ముడి మల్ల ఒకసారి చూడాలె," అన్నాడు శివశంకర్. వీరప్ప హుషారుగా లేచి ఆమె కొంగు అందుకున్నాడు. శివశంకర్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్ గాదు వీరప్పా. వదిన ఎయ్యాలె. గా దినం ఎట్లేసిందో గట్ల."

కొంగు ఒక చేతిలో, వీరప్ప శాలువా కొస ఒక చేతిలో పెట్టారు. హాలంతా చూస్తోంది. శివమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. ఏ ముడి వేసినా సరిపోతుందని మల్లీశ్వరికి తెలుసు. చీరకొంగుకు పసుపు కొమ్ము కట్టినట్టు ఒక్కటి వేస్తే చాలు, ఫోటో తీస్తారు, భోజనాలు పెడతారు, ఇంటికి పోయి పాలు కాచుకోవచ్చు.

"ఏదో ఒకటి ఎయ్యి," వీరప్ప పళ్ల మధ్య నుంచి అన్నాడు.

మల్లీశ్వరి శాలువా కొస వదిలేసింది. మైకు ఆమె నోటి దగ్గరే ఉంది.

"గీ ముడి నాకు రాదు," అంది. తన గొంతు అంత పెద్దగా హాలు నాలుగు మూలల నుంచీ తిరిగి రావడం విని ఒక్క క్షణం ఆగింది. "గా దినం సుత రాదు. గది బస్తా ముడి. ఏసింది ఈయన. దిగుమన్నప్పుడు నేను లేసిన, ఇప్పుమన్న. ఇప్పలే."

వెనక వరుసల్లో ఒక హమాలీ పక్కవాడి వైపు చూశాడు. అతను ఇంకొకడి వైపు చూశాడు. ఆ ముడి ఎవరిదో వాళ్లలో తెలియనివాడు లేడు. ఎవరూ నవ్వలేదు. చంద్రప్ప మాత్రం మొదటిసారి తలెత్తాడు.

"శివమ్మత్తా," అంది మల్లీశ్వరి, "మనూర్ పోయి సుమిత్రను తోలుకొని రా. ఆమె ఎవల్నీ ఇడిసి ఉరకలే. నీ కొడుకే పొమ్మన్నడు, నేను ఇన్న. దిగుమన్నరు, దిగింది. నన్ను కట్టెయ్యకుంటే నేను సుత దిగేదాన్ని."

"కూసో మల్లీ," అన్నాడు వీరప్ప. విమానంలో అన్నట్టే అన్నాడు, అవే తెల్లబడిన పెదవులతో.

ఆమె భుజం మీది శాలువా తీసి మడతపెట్టి కుర్చీలో పెట్టింది. స్టేజీకి పక్కన మెట్లున్నాయి, చెక్కవి, కొంచెం ఊగుతున్నాయి. మల్లీశ్వరి ఒక్కొక్కటే చూసుకుంటూ దిగింది. వెనక కొంగు ఎక్కడా పట్టుకోలేదు.